సవోయ్ ద్రాక్ష: ఆల్ప్స్ కొండవాలుల్లో రకాల చరిత్ర, అది నేర్పే పాఠం

పరిచయం

వైన్ తయారీకి వాడే ఎర్రద్రాక్ష రకాలలో ‘సిరా’కు ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు ఉంది. ఆస్ట్రేలియాలో దీనినే ‘షిరాజ్’ అంటారు. మన దేశంలో నాసిక్ ప్రాంతపు వైన్ తోటలలో సాగవుతున్న ప్రధాన ఎర్ర రకాలలో ఇదొకటి. పేరును బట్టి ఈ రకం పర్షియా దేశపు షిరాజ్ నగరం నుండి వచ్చిందని చాలాకాలం భావించారు. 1998లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో కరోల్ మెరిడిత్ బృందం, ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో జాన్-మిషెల్ బూర్సికోతో కలిసి జరిపిన డి.ఎన్.ఎ. పరిశోధన ఈ నమ్మకానికి తెరదించింది. సిరా తల్లిదండ్రులు రెండూ ఆగ్నేయ ఫ్రాన్స్‌కు చెందినవేనని తేలింది. ఒకటి ఆర్దెష్ ప్రాంతపు ‘దురేజా’ అనే ఎర్ర రకం. రెండవది ఆల్ప్స్ పర్వతపాదంలోని సవోయ్ ప్రాంతపు ‘మోందోజ్ బ్లాంష్’ అనే తెల్ల రకం.

ఈ ఫలితం వెలువడే నాటికి మోందోజ్ బ్లాంష్ సాగు కొద్ది హెక్టార్లకు మాత్రమే పరిమితమై ఉంది. దిగుబడి, మార్కెట్ ధర అనే కొలబద్దలతో చూస్తే దానిని కాపాడవలసిన అవసరం ఎవరికీ కనబడేది కాదు. అటువంటి రకాలు ఎలా పుట్టాయి, ఎందుకు కనుమరుగయ్యాయి, కొన్ని ఎలా తిరిగి వచ్చాయి అన్న ప్రశ్నలకు సవోయ్ చరిత్ర స్పష్టమైన సమాధానాలు ఇస్తుంది. పంట ఏదైనా, రైతులకు రకాలను సిఫారసు చేసే విస్తరణ శాస్త్రవేత్తలకు, ఆ బాధ్యతను రేపు స్వీకరించబోయే విద్యార్థులకు ఈ చరిత్ర ఉపయోగపడుతుంది.

ప్రాంతం, నేలలు, వాతావరణం

సవోయ్ ఫ్రాన్స్ తూర్పు సరిహద్దులో, ఇటలీ, స్విట్జర్లాండ్ దేశాలను ఆనుకొని ఉంది. శతాబ్దాల పాటు సవోయ్ రాజవంశపు ఏలుబడిలో ఉండి, 1860లో మాత్రమే ఫ్రాన్స్‌లో కలిసింది. ఇక్కడి ద్రాక్ష విస్తీర్ణం సుమారు 2,000 హెక్టార్లు. ఫ్రాన్స్ మొత్తం ద్రాక్ష విస్తీర్ణంలో ఇది అర శాతం కూడా కాదు. అదీ ఒకేచోట లేదు. జెనీవా సరస్సు దక్షిణ తీరం, బూర్జే సరస్సు పరిసరాలు, షాంబేరి పట్టణపు దక్షిణ భాగం, ఈజేర్ నది లోయ, ఆర్వ్ నది లోయ ఇలా చిన్న చిన్న తునకలుగా విస్తరించి ఉంది.

పర్వత ప్రాంతంలో ద్రాక్ష సాగుకు అనువైన చోటును నిర్ణయించేవి మూడు అంశాలు. మొదటిది వాలు దిశ. దక్షిణ, ఆగ్నేయ ముఖంగా ఉన్న వాలులపై సూర్యకిరణాలు నేరుగా పడి, చల్లని ప్రాంతంలోనూ కాయ పక్వానికి చాలినంత వేడి లభిస్తుంది. రెండవది వాలుపై ఎత్తు. రాత్రివేళ చల్లని గాలి బరువెక్కి లోయ అడుగుకు జారుతుంది. అందువల్ల లోయ అడుగున మంచు దెబ్బ ఎక్కువ, మరీ పైన వేడి చాలదు, నడిమి వాలు శ్రేయస్కరం. మూడవది సరస్సుల సామీప్యం. పెద్ద జలరాశి వేసవి వేడిని నిలువ చేసుకొని శరదృతువులో మెల్లగా వదులుతుంది. ఫలితంగా కోతకాలం కొంత పొడిగించబడుతుంది.

నేలలు అధికంగా సున్నపురాయి శకలాలతోను, సున్నపు బంకమన్నుతోను, హిమానీనదాలు వదిలివెళ్ళిన గులకరాళ్ళతోను ఏర్పడినవి. రాతిశకలాలు నీటిని త్వరగా ఇంకనిస్తాయి, పగటి వేడిని రాత్రికి దాచి ఉంచుతాయి. అయితే సున్నం అధికంగా గల నేలలో మొక్కకు ఇనుము అందక ఆకులు పసుపుబారుతాయి. ఈ లోపం తరువాతి కాలపు చరిత్రలో కీలకమైన పాత్ర వహించింది. వర్షపాతం ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా ఉండి, సంవత్సరమంతా విస్తరించి పడుతుంది. కనుక బూజు తెగులు, బూడిద తెగులు ఇక్కడ నిత్య సమస్యలు.

ప్రాచీన చరిత్ర

రోమన్లు రాకముందు ఈ ప్రాంతంలో అల్లోబ్రోజులు అనే గాల్ తెగ నివసించేది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ప్లినీ, కొలుమెల్లా అనే రోమన్ రచయితలు ఇద్దరూ ఈ తెగ పేరుతో ఒక ద్రాక్ష రకాన్ని ప్రస్తావించారు. చలి ప్రదేశాలకు అనువైనదని, మంచు పడే వేళకు పండుతుందని, గింజ నల్లనిదని ప్లినీ వర్ణించాడు. ఈ రకపు వైన్ రుచి ప్రాంతాన్ని బట్టి మారుతుందని కొలుమెల్లా పేర్కొన్నాడు. జన్యురూపానికి, పరిసరాలకు మధ్య గల పరస్పర ప్రభావం అని నేడు మనం పిలిచే విషయాన్ని, ఆ పరిభాష లేకుండానే, ఒక వ్యవసాయ రచయిత రెండువేల ఏళ్ళ క్రితం గుర్తించడం విశేషం. నేటి మోందోజ్ ఆ ప్రాచీన రకమేనని కొందరు చెబుతారు గాని దానికి జన్యుపరమైన ఆధారం లేదు.

మధ్యయుగంలో మఠాలు, ప్రభువుల కోటలు సాగును విస్తరింపజేశాయి. ఆ కాలపు చరిత్రలో నేల స్వరూపాన్నే మార్చిన సంఘటన ఒకటి ఉంది. 1248 నవంబరు 24వ తేదీ రాత్రి షాంబేరికి దక్షిణాన గల గ్రానియే పర్వతపు ఒక పార్శ్వం కూలిపోయింది. పలు గ్రామాలు భూస్థాపితమయ్యాయి. కనీసం వెయ్యి మంది మరణించి ఉంటారని అంచనా. రాళ్ళ ప్రవాహం మియాన్ గ్రామంలోని మేరీమాత ఆలయం వద్ద ఆగిపోయిందని స్థానికుల విశ్వాసం. ఆ ఆలయం నేటికీ యాత్రాస్థలమే. ధాన్యపు పంటలకు పనికిరాని ఆ సున్నపురాతి శిథిలాలపై కాలక్రమంలో రైతులు ద్రాక్ష నాటారు. ‘అగాధాలు’ అనే అర్థం గల ‘అబీమ్’, దాని పొరుగున ఉన్న ‘అప్రెమోన్’ నేడు సవోయ్ తెల్ల వైన్‌కు అత్యంత ప్రసిద్ధమైన ఊళ్ళు.

పూర్వకాలపు సాగు పద్ధతులు కూడా గమనించదగినవి. కొన్నిచోట్ల తీగలను బతికి ఉన్న చెట్లపైకి, ఎవియాన్ పరిసరాలలో ఎండిన చెస్ట్‌నట్ మానులపైకి పాకించేవారు. గుత్తులు నేలకు ఎత్తుగా ఉండడం వల్ల మంచు దెబ్బ తగ్గేది. కింది నేలలో వేరే పంటకు వీలుండేది.

ఫిలాక్సెరా విపత్తు, పునర్నాటు

పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఐరోపా ద్రాక్షను మూడు విపత్తులు వరుసగా తాకాయి. మూడూ అమెరికా నుండి వచ్చినవే. 1850ల నాటికి బూడిద తెగులు, 1860లలో ఫిలాక్సెరా, 1878లో బూజు తెగులు ఫ్రాన్స్‌లో కనిపించాయి. బూడిద తెగులుకు గంధకం, బూజు తెగులుకు 1885లో మిలార్దే ప్రకటించిన బోర్డో మిశ్రమం పరిష్కారాలయ్యాయి. ఫిలాక్సెరాకు మాత్రం మందు దొరకలేదు.

ఫిలాక్సెరా వేర్ల రసాన్ని పీల్చే అతిసూక్ష్మమైన కీటకం. 1868లో మోంపెలియే శాస్త్రవేత్త ప్లాంషోన్, తన సహచరులతో కలిసి, ఎండిపోతున్న తీగల వేర్లపై దీనిని గుర్తించాడు. ఇది పీల్చినచోట వేరు ఉబ్బి, పగిలి, ఆ గాయాల గుండా శిలీంధ్రాలు ప్రవేశించడంతో తీగ కొన్ని సంవత్సరాలలో చనిపోతుంది. అమెరికా జాతులు ఈ కీటకంతో కలిసి పరిణామం చెందినవి గనుక తట్టుకొంటాయి. ఐరోపా ద్రాక్షకు ఆ శక్తి లేదు. 1877లో ఈ కీటకం సవోయ్‌లో కనబడింది.

అమెరికా జాతుల వేరుమూలాలపై ఐరోపా రకాలను అంటుకట్టడమే చివరికి నిలిచిన మార్గం. అయితే మొదట తెచ్చిన రిపారియా, రుపెస్ట్రిస్ జాతులు సున్నపు నేలలలో ఇనుము అందక పసుపుబారాయి. సవోయ్ వంటి సున్నపురాతి ప్రాంతాలకు ఇది ప్రాణసంకటమైంది. 1887లో పియెర్ వియాలా అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సున్నాన్ని తట్టుకొనే జాతిని వెదుకుతూ అమెరికాకు వెళ్ళాడు. టెక్సాస్‌లో టి.వి. మన్సన్ అనే ద్రాక్ష శాస్త్రజ్ఞుని సహకారంతో, సున్నపు గుట్టలపై సహజంగా పెరిగే బెర్లాండియెరి జాతిని గుర్తించాడు. ఆ జాతి కొమ్మలకు నేరుగా వేర్లు పట్టడం కష్టం. కనుక ఇతర జాతులతో సంకరపరచి వేరుమూలాలను రూపొందించారు. షాస్లా రకంతో బెర్లాండియెరిని కలిపి మిలార్దే రూపొందించిన ‘41 బి’ వాటిలో ప్రసిద్ధమైనది. మన దక్షిణ భారత ద్రాక్ష తోటలలో ఉప్పునీటిని, నీటి ఎద్దడిని తట్టుకొనేందుకు వాడుతున్న ‘డాగ్‌రిడ్జ్’ వేరుమూలం కూడా టెక్సాస్‌కు చెందినదే. సమస్యాత్మక నేలకు పరిష్కారాన్ని అటువంటి నేలలోనే సహజంగా పెరిగే మొక్కలలో వెదకాలన్న సూత్రం రెండు సందర్భాలలోనూ కనిపిస్తుంది.

అంటుకట్టడం కీటకాన్ని జయించింది గాని, దానితో పాటు మరొక నష్టం జరిగింది. పూర్వం రైతు తన తోటలోని తీగ కొమ్మను నేలలో పాతి కొత్త మొక్కను ఉచితంగా పొందేవాడు. అందువల్ల ఒక్కొక్క తోటలో అనేక రకాలు కలిసి ఉండేవి. అంటుమొక్క మాత్రం నర్సరీలో కొనవలసిన వస్తువు. నర్సరీ గిరాకీ గల రకాలనే పెంచుతుంది. అప్పుచేసి తోటను తిరిగి నాటుతున్న రైతు నమ్మకంగా కాసే రకాన్నే కోరుకొంటాడు. నిటారు వాలులపై కూలీల ఖర్చు ఎక్కువ కనుక చాలా తోటలు తిరిగి నాటుకు నోచుకోలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో గ్రామీణ యువకులు అనేకులు మరణించడం ఈ క్షీణతను మరింత పెంచింది. ఈ విధంగా, ఏ ప్రభుత్వ ఉత్తర్వూ లేకుండానే, రకాల జాబితా కుదించుకుపోయింది.

ప్రధాన రకాలు

జకేర్: నేటి సవోయ్ విస్తీర్ణంలో సుమారు సగం ఈ తెల్ల రకానిదే. మధ్యయుగపు ఐరోపాలో సామాన్యుల రకంగా పేరుపడి, అనేక ప్రసిద్ధ రకాలకు జనకమైన ‘గ్వే బ్లాన్’ దీని తల్లిదండ్రులలో ఒకటి. అధిక దిగుబడి, నిలకడ దీని లక్షణాలు. ఫిలాక్సెరా అనంతరం విస్తరించడానికి ఇదే కారణం. వైన్ తేలికగా, ఆమ్లత ఎక్కువగా, ఆల్కహాల్ 10–11 శాతంగా ఉంటుంది. శీతాకాల క్రీడలకు వచ్చే పర్యాటకులు కొండ విడుదులలో దీనిని విరివిగా కొనడంతో స్థిరమైన స్థానిక మార్కెట్ ఏర్పడింది.

ఆల్తెస్: ‘రూసెత్’ అని కూడా పిలిచే నాణ్యమైన తెల్ల రకం. దిగుబడి తక్కువ, వైన్ నిలువకు అనువైనది. బూర్జే సరస్సు పడమటి వాలుపై గల మరెస్తెల్ దీనికి పేరుగాంచిన చోటు. సవోయ్ ప్రభువును వివాహమాడిన సైప్రస్ రాకుమారి దీనిని తెచ్చిందని ఒక గాథ ఉంది. హంగేరీకి చెందిన ఫుర్మింట్ రకమూ ఇదీ ఒకటేనని మరికొందరు భావించారు. డి.ఎన్.ఎ. పరీక్షలో ఆ రెండవ అభిప్రాయం వీగిపోయింది. సైప్రస్ గాథకు ఆధారం లేదు.

మోందోజ్ న్వార్: సవోయ్ ఎర్ర రకాలలో ముఖ్యమైనది. ఆలస్యంగా పండుతుంది, టానిన్లు అధికం, మిరియాల వాసన ప్రత్యేకత. సిరా వైన్‌లో మిరియాల వాసనకు కారణం రొటుండోన్ అనే పదార్థమని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించారు. ఆ పదార్థమే మోందోజ్‌లోనూ ఉంది. మోందోజ్ న్వార్‌కు, సిరాకు జన్మనిచ్చిన మోందోజ్ బ్లాంష్‌కు మధ్య జనక–సంతాన సంబంధం ఉందని జన్యు పరీక్షలు చెబుతున్నాయి. వాటిలో ఏది జనకం, ఏది సంతానం అన్నది తేలలేదు. పేర్లను చూసి ఒకటి మరొకదాని రంగు మారిన ఉత్పరివర్తనం అనుకోవడం పొరపాటు. ఫిలాక్సెరాకు ముందు విస్తారంగా ఉన్న ఈ రకం, చల్లని సంవత్సరాలలో సరిగా పండకపోవడంతో, త్వరగా పండే గామే రకానికి చోటిచ్చి తగ్గిపోయింది. ఈజేర్ లోయలోని అర్బాన్ గ్రామం దీనిని నిలుపుకొంది.

గ్రాంజే: ఆర్వ్ లోయలోని ఐజ్ పరిసరాలలో మాత్రమే సాగయ్యే తెల్ల రకం. జూరా ప్రాంతపు సవాన్యాన్ రకమే ఇదని చాలాకాలం పొరబడ్డారు. ఇది వేరే రకమని డి.ఎన్.ఎ. పరీక్ష నిరూపించింది.

పెర్సాన్: మోరియెన్ లోయకు చెందిన ఎర్ర రకం. పేరును బట్టి పర్షియా నుండి వచ్చిందని తలచేవారూ ఉన్నారు. ఇది ఇరవయ్యవ శతాబ్దంలో దాదాపు అంతరించి, ఇటీవలి దశాబ్దాలలో తిరిగి నాటబడుతోంది.

దూస్ న్వార్: పందొమ్మిదవ శతాబ్దంలో సవోయ్‌లో విస్తారంగా ఉండిన ఈ ఎర్ర రకం నేడు అక్కడ నామమాత్రం. కాని అర్జెంటీనాలో ‘బొనార్డా’ అనే పేరుతో మల్బెక్ తరువాత అత్యధికంగా సాగవుతున్న ఎర్ర రకం ఇదే. కాలిఫోర్నియాలో ‘షార్బొనో’ అన్నదీ ఇదే. పుట్టినచోట విలువ కోల్పోయిన రకం వేరొక ఖండంలో వేల హెక్టార్లకు ఆధారమైంది.

వీటితో పాటు జెనీవా సరస్సు తీరాన షాస్లా, షిన్యాన్ గ్రామంలో ‘బెర్జెరాన్’ అనే స్థానిక నామంతో రూసాన్, ఇతర ప్రాంతాల నుండి వచ్చిన గామే, పినో న్వార్, షార్దొనే కూడా సాగులో ఉన్నాయి. సేసెల్ ప్రాంతానికి 1942లోను, ‘వాన్ ద సవ్వా’, ‘రూసెత్ ద సవ్వా’ పేర్లకు 1973లోను భౌగోళిక మూలాన్ని ధ్రువీకరించే నియంత్రిత నామం లభించింది.

పునరుద్ధరణ

అంతరిస్తున్న రకాలు మిగలడానికి తోడ్పడిన వ్యవస్థలు మూడు. మొదటిది జాతీయ స్థాయి జీవ సేకరణ. 1876లో మోంపెలియే వ్యవసాయ పాఠశాలలో ప్రారంభమైన ద్రాక్ష రకాల సేకరణ, 1949లో మధ్యధరా తీరంలోని వసాల్ అనే చోటికి తరలింది. ఇసుక నేలలో ఫిలాక్సెరా బతకలేదు గనుక అక్కడ తీగలను సొంత వేర్లపైనే పెంచగలిగారు. సిరా పుట్టుకను తేల్చడానికి పోల్చి చూడవలసిన నమూనాలు మోంపెలియే సేకరణల నుండే లభించాయి. రెండవది స్థానిక నర్సరీ పరిశ్రమ. ఈజేర్ లోయలోని ఫ్రెతెరీవ్ గ్రామం ఫిలాక్సెరా కాలం నుండి అంటుమొక్కలకు కేంద్రంగా ఉంటూ వచ్చింది. మూడవది రైతుల చొరవ. పెర్సాన్ వంటి రకాలను తిరిగి నాటిన ఫ్రెతెరీవ్ రైతు మిషెల్ గ్రిసార్ ప్రోత్సాహంతో, 2007లో మోంమేలియాన్ పట్టణంలో ఆల్ప్స్ ద్రాక్ష రకాల అధ్యయన కేంద్రం ఏర్పడింది. మోంపెలియేలో జీవితమంతా ద్రాక్ష రకాల వర్ణనకు అంకితమైన పియెర్ గాలే పేరును దానికి పెట్టారు. ఆకు ఆకృతి, చిగురు నూగు, గుత్తి రూపం ఆధారంగా రకాన్ని గుర్తించే ఆయన పద్ధతి, డి.ఎన్.ఎ. పరీక్షలు వచ్చిన తరువాత కూడా తోటలో మొదటి గుర్తింపుకు ఉపయోగపడుతూనే ఉంది.

వాతావరణ మార్పు ఈ కృషికి కొత్త ప్రయోజనాన్ని చేకూర్చింది. పందొమ్మిదవ శతాబ్దాంతం నుండి ఆల్ప్స్ ప్రాంతపు సగటు ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. ఆలస్యంగా పండుతుందని ఒకప్పుడు తొలగించిన మోందోజ్ ఇప్పుడు నిశ్చింతగా పక్వానికి వస్తోంది. ఆమ్లత ఎక్కువ, ఆల్కహాల్ తక్కువ అని చిన్నచూపు చూసిన జకేర్‌లో ఆ లక్షణాలే ఇప్పుడు గుణాలుగా కనిపిస్తున్నాయి. అయితే వేడి పెరిగిన కొద్దీ చిగురు ముందుగా వస్తుంది. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ అంతటా సంభవించిన మంచు దెబ్బ, ముందుగా చిగిర్చిన తోటలకు ఏమవుతుందో చూపింది. కాబట్టి ఏ ఒక్క రకమూ సర్వరోగ నివారిణి కాదు.

విస్తరణ కృషికి పాఠాలు

సవోయ్ రైతు జకేర్‌ను ఎంచుకోవడం తప్పు కాదన్నది మొదట గుర్తించవలసిన విషయం. తోట ఎండిపోయి, అప్పు మీద పడిన కుటుంబం నమ్మకమైన దిగుబడినే కోరుకొంటుంది. ఆ పరిస్థితిలో ఉన్న రైతుకు మనమైనా అదే సలహా ఇస్తాము. అరుదైన రకాన్ని కాపాడే భారాన్ని ఆ రైతుపై మోపడం న్యాయం కాదు. ఆ భారం పరిశోధన సంస్థలది, జీవ సేకరణలది, విశ్వవిద్యాలయాలది. రైతు వదిలివేసిన రకం ఎక్కడో ఒకచోట పేరుతో, ప్రాణంతో మిగిలి ఉండేలా చూడడం మన వృత్తి ధర్మం.

రెండవది, ఒక రకంలో మనం లోపంగా రాసుకొనే లక్షణం ఆనాటి వాతావరణానికి, ఆనాటి మార్కెట్‌కు సంబంధించిన తీర్పు మాత్రమే. ‘ఆలస్యంగా పండును’ అని రాసిన శాస్త్రవేత్త పొరపాటు రాయలేదు. మారినది రకం కాదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితి. కనుక తొలగింపు కారణాన్ని, అది జరిగిన సంవత్సరాన్ని, ఆ నాటి పరిస్థితిని నమోదు చేయడం అవసరం.

మూడవది, నాటే పదార్థాన్ని కొనవలసి వచ్చినప్పుడు రకాల ఎంపిక రైతు చేతి నుండి నర్సరీ చేతికి మారుతుంది. రకాల వైవిధ్యం కోరే పథకం ఏదైనా నర్సరీల నుండి మొదలుకావాలి.

ఈ మూడు విషయాలూ మనకు దూరపువి కావు. ఒకప్పుడు హైదరాబాద్ పరిసరాలలో పందిళ్ళపై విరగకాసిన అనాబ్-ఎ-షాహి, గింజలేని రకాలకు మార్కెట్ పెరిగిన కొద్దీ వెనుకబడిపోయింది. థాంసన్ సీడ్‌లెస్‌ను ఎంచుకొన్న రైతును నిందించవలసిన పని లేదు. కాని అనాబ్-ఎ-షాహిలోని వేర్వేరు ఎంపికలు నేడు ఎక్కడ ఉన్నాయి, వాటి లక్షణాలు ఎవరి దస్త్రాలలో ఉన్నాయి అన్న ప్రశ్నను మన విద్యార్థులు అడగాలి.

ముగింపు

రెండువేల హెక్టార్ల చిన్న ప్రాంతం సవోయ్. కొండ కూలింది, కీటకం తోటలను నాశనం చేసింది, యుద్ధం మనుషులను తీసుకుపోయింది. అయినా అక్కడి కొన్ని రకాలు మిగలడం వల్లనే సిరా జన్మరహస్యం తెలిసింది, మోందోజ్ తిరిగి తోటలోకి వచ్చింది. మోందోజ్ బ్లాంష్ తీగలు 1998కి ముందే చనిపోయి, ఏ సేకరణలోనూ లేకపోయి ఉంటే, సిరా పర్షియా నుండి వచ్చిందన్న కథనే మనం ఇప్పటికీ పాఠంగా చెబుతూ ఉండేవారము.